డాలస్ రేగడిలో గరిక, ఓక్ చెట్టు: కొత్తగా ఇల్లు కొన్నవారికి

ఫ్రిస్కో, ప్రాస్పర్, మెకిన్నీ, ప్లేనో వైపు కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ళు ఫోన్ చేస్తే ఎక్కువగా రెండే ప్రశ్నలు అడుగుతారు. లాన్‌కి నీళ్ళు ఎంత పెట్టాలి? ఇంటి ముందున్న చెట్టు బతుకుతుందా? అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ పని ఎవరో చూసుకున్నారు. గృహప్రవేశమై రెండు నెలలు తిరక్కుండానే గడ్డి ఎండిందనో కలుపు పెరిగిందనో హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ళవాళ్ళ సంఘం) నుంచి ఉత్తరం వస్తే టెన్షన్ మొదలవుతుంది. కంగారు పడకండి. ఇక్కడి గడ్డీ, నేలా రెండూ మనం ఎరిగినవే.

ఇక్కడ ఎక్కువ ఇళ్ళ ముందు పరిచే బెర్ముడా గడ్డి మన గరికే. వినాయక చవితి పూజకు తెచ్చుకునే గరిక, పొలం గట్ల మీద ఎంత పీకినా మళ్ళీ పిలకలేసే ఆ గరిక. లాన్ల కోసం అమ్మే రకాల్లో కొన్ని సంకరాలు, ఆకు ఇంకా సన్నగా ఉంటుంది, అంతే తేడా. నీడ ఉన్నచోట గరిక బతకదు కాబట్టి పెద్ద చెట్ల కింద వెడల్పాకు సెయింట్ అగస్టీన్ వేస్తారు. మీ ఇంట్లో ఏది ఉందో ముందు తెలుసుకోండి. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదాన్ని చంపేయొచ్చు.

ఇక నేల. మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో పొగాకు, శనగ పండించినవారు. మొదటిసారి ఇక్కడికి వచ్చింది ఆగస్టులో. ఇంటి పక్కన గోడ వెంట తిరుగుతూ ఒకచోట ఆగి, నెర్రెలో వేలు పెట్టి చూశారు. వేలు మొత్తం లోపలికి పోయింది. "ఇది మన రేగడేరా. వానొస్తే ఉబ్బుద్ది, ఎండొస్తే నోరు తెరుస్తది. దీన్ని పూర్తిగా ఎండనీయబాక" అన్నారు. ఫౌండేషన్ ఇన్స్పెక్టర్ తర్వాత నాకు చెప్పింది కూడా అదే, కాకపోతే ఇంగ్లీషులో. డాలస్ చుట్టూ ఉన్న నల్లమట్టిని బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అంటారు. నేలల శాస్త్రంలో అదీ, మన దక్కను నల్లరేగడీ ఒకే జాతి, వెర్టిసాల్స్. రేగడిలో ఇల్లు కడితే గోడలు బీటలిస్తాయని మన ఊళ్ళలో పెద్దవాళ్ళు భయపడేది ఎందుకో, ఇక్కడి ఇళ్ళలో తలుపులు పట్టేసి మూల గోడల్లో పగుళ్ళు వచ్చేదీ అందుకే. మట్టి ఒకవైపు తడిగా, ఒకవైపు పొడిగా ఉంటే కింద ఉన్న కాంక్రీటు పలక సమంగా నిలబడదు.

అందుకని వేసవిలో గడ్డి కంటే ముందు ఫౌండేషన్ వెంట ఉన్న మట్టిని చూడండి. పలకకీ మట్టికీ మధ్య సందు కనిపిస్తోందంటే నేల బెట్టకొచ్చినట్టే. ఆ సందులోకి నీళ్ళు వదలకూడదు, తిన్నగా పునాది కిందికి దిగిపోతాయి. పలకకి ఒక అడుగు, అడుగున్నర దూరంలో సన్నగా చెమర్చే సోకర్ హోస్ ఇంటి చుట్టూ వేసి, నిదానంగా తడవనివ్వాలి. నానబెట్టడం కాదు, నాలుగు వైపులా పదును ఒకేలా ఉంచడం.

నీళ్ళ దగ్గర కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు ఒకటే. నేనూ రెండేళ్ళు చేశాను. స్ప్రింక్లర్ కంట్రోలర్‌లో ఒక్కో జోన్‌కి, అంటే ఒకేసారి తిరిగే స్ప్రింక్లర్ల గుంపుకి, ఇరవై నిమిషాలు పెట్టేస్తాం. రేగడి అంత వేగంగా తాగదు. మొదటి అయిదారు నిమిషాల తర్వాత నీళ్ళన్నీ కాలిబాట మీదుగా రోడ్డు మీదికి పోతాయి, బిల్లు మాత్రం మనకొస్తుంది. 15 నిమిషాలు పెట్టాలంటే అయిదేసి నిమిషాలు మూడుసార్లుగా విడగొట్టండి, మధ్యలో అరగంట నుంచి గంట ఎడం ఇవ్వండి. కొత్త కంట్రోలర్లలో దీనికి 'సైకిల్ అండ్ సోక్' అనే సెట్టింగ్ ఉంటుంది. మండు వేసవిలో కూడా గరికకు వారానికి దాదాపు ఒక అంగుళం నీళ్ళు చాలు. మీ జోన్ అంగుళం ఇవ్వడానికి ఎంతసేపు పడుతుందో తెలియాలంటే, నిలువు గోడల ఖాళీ డబ్బాలు నాలుగు అక్కడక్కడ పెట్టి, స్ప్రింక్లర్ పది నిమిషాలు తిప్పి, స్కేలుతో కొలవండి. ఒక శనివారం పొద్దున చేసుకుంటే ఏళ్ళ తరబడి పనికొచ్చే లెక్క.

గడ్డికి దాహం వేసిందో లేదో అడుగు వేసి చూస్తే తెలుస్తుంది. నడిచిన తర్వాత పాదం ముద్ర అలాగే ఉండిపోయి, రంగు నీలిబూడిదకు తిరిగితే నీళ్ళు కావాలి. నేలలో పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. ఆరంగుళాలు సులువుగా దిగితే ఇంకో రెండు రోజులు ఆగొచ్చు. రోజూ కాసిన్ని పెట్టడం కంటే వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడపడం మేలు, వేరు కిందికి దిగుతుంది. తెల్లవారుజామున పెట్టండి. ఈ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకు స్ప్రింక్లర్ వాడకూడదు. వారంలో ఏ రోజు వాడొచ్చో కూడా ఊరే నిర్ణయిస్తుంది. మీ సిటీ వెబ్‌సైట్‌లో మీ చిరునామాకు ఏ రోజో చూసుకోండి. ఫ్రిస్కో అయితే ఆ వారం నీళ్ళు అవసరమో కాదో కూడా వారం వారం చెబుతుంది.

చెట్ల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గడ్డి పోతే నెలలో తిరిగి తెచ్చుకోవచ్చు, చెట్టు పోతే ఇరవై ఏళ్ళు పోయినట్టే.

మా ఇంటి ముందున్నది లైవ్ ఓక్. ఏడాదంతా పచ్చగా ఉంటుందని విని కొన్నాం. మొదటి మార్చిలో ఆకులన్నీ పసుపు, గోధుమ రంగుకు తిరిగి రాలడం మొదలైంది. రోజూ సాయంత్రం ఊడ్చినా పొద్దునకి మళ్ళీ నిండేది. అదే వారం తలుపు తట్టిన ఒకాయన, చెట్టు చచ్చిపోతోంది, కొట్టించేయండి, తక్కువలో చేస్తాను అన్నాడు. నిజమేననుకుని దాదాపు సరే అనేశాను. పక్కింటి పెద్దావిడ వచ్చి ఒక కొమ్మ కిందికి వంచి చూపించింది. పాత ఆకు ఊడిన ప్రతి కణుపు దగ్గరా గోరంత లేత చిగురు తొంగిచూస్తోంది. లైవ్ ఓక్ ఆకు రాల్చేది శిశిరంలో కాదు, వసంతంలో, కొత్త చిగురు పాత ఆకును నెట్టేస్తుంది. మూడు వారాల్లో చెట్టు మళ్ళీ నిండుగా అయింది. మార్చిలో మీ లైవ్ ఓక్ బోసిపోతే భయపడకండి, తలుపు తట్టినవాళ్ళ మాట విని రంపం మాత్రం పెట్టనివ్వకండి.

అందులోనూ ఆ కాలంలో అసలు పెట్టకూడదు. టెక్సస్‌లో ఓక్ విల్ట్ అనే బూజు తెగులు ఉంది. కొత్తగా కోసిన కొమ్మ వాసనకు వచ్చే చిన్న పురుగులు దాన్ని మోసుకొస్తాయి. పక్కపక్క చెట్ల వేళ్ళు నేల కింద కలిసిపోతాయి కాబట్టి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు అలా కూడా పాకుతుంది. రెడ్ ఓక్‌కి సోకితే వారాల్లోనే పోవచ్చు. అందుకే టెక్సస్ ఏ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కొట్టవద్దంటుంది. బాగా చలిగా ఉన్న జనవరి కానీ, మండుటెండల జూలై, ఆగస్టు కానీ మంచి అదును. ఎప్పుడు కోసినా, గాలికి కొమ్మ విరిగినా, కోతకు వెంటనే రంగు పూయాలి. మామూలు పెయింట్ చాలు. కొమ్మలు కొట్టేవాళ్ళు రంపాన్ని వేరే ఇంటి చెట్టు మీద వాడి ఉంటారు, మీ చెట్టు ముట్టుకునేముందు శుభ్రం చేయమని అడగండి. కాలిబాట మీదికి వంగిన కొమ్మ తీయమని హెచ్‌ఓఏ ఏప్రిల్‌లో రాస్తే, ఓక్ విల్ట్ కారణం చెప్పి జూలై దాకా గడువు ఇమ్మని మర్యాదగా జవాబు రాయండి. నాకు ఇచ్చారు.

కొత్త ఇంట్లో బిల్డర్ నాటిన చెట్టు ఉంటే మొదలు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. నేల దగ్గర కాండం వెడల్పై వేళ్ళుగా విడిపోవడం కనిపించాలి. కరెంటు స్తంభంలా నిటారుగా మట్టిలోకి దిగిపోయిందంటే లోతుగా పాతారు, మెల్లగా పైమట్టి తీయాలి. నిలబెట్టడానికి కట్టిన తీగ, బెల్టు ఏడాదికల్లా విప్పేయాలి, లేకపోతే బెరడులోకి దిగి గొంతు నొక్కేస్తాయి. మల్చ్ (చెక్కపొట్టు) చెట్టు చుట్టూ రెండు మూడంగుళాల మందం పరవాలి కానీ, కాండానికి తగలనివ్వకూడదు. మా సందులో ప్రతి చెట్టు మొదట్లో పుట్టలాగా మల్చ్ పోసి కనిపిస్తుంది, అది చూసి మీరూ పోయకండి. మన ఇళ్ళలో కొబ్బరిమొక్కకు పాదు చేసినట్టే చేసి, మొదటి రెండేళ్ళు హోస్ సన్నగా తిప్పి పాదులో వదిలేయండి. గడ్డికి పెట్టిన స్ప్రింక్లర్ నీళ్ళు చెట్టు వేళ్ళదాకా అందవు.

క్రేప్ మర్టిల్ చెట్లను ఫిబ్రవరిలో నడుముకి నరికి మొండెంలా వదిలేసే అలవాటు ఇక్కడ ఉంది. పూలు పూయడానికి అది అవసరం లేదు, చెట్టు రూపం పాడవుతుంది. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి తీస్తే చాలు. బెరడు నల్లగా మసి పట్టి, మీద తెల్లటి దూది చుక్కలు కనిపిస్తే అది బార్క్ స్కేల్ అనే పురుగు. అమెరికాలో మొదట బయటపడింది ఇక్కడే రిచర్డ్‌సన్‌లో, 2004లో. మెత్తటి బ్రష్, సబ్బునీళ్ళతో రుద్దితే చాలావరకు తగ్గుతుంది.

చలికాలంలో గరిక ఎండుగడ్డి రంగుకి తిరిగి నిద్రపోతుంది, చావదు. ఆకుపచ్చగా చేద్దామని నీళ్ళు, ఎరువు పోయకండి. అసలు పని పైపులది. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను చూసినవాళ్ళెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. గడ్డకట్టే చలి వస్తోందంటే స్ప్రింక్లర్ ఆపేసి, బయట నేల మీద కనిపించే బ్యాక్‌ఫ్లో వాల్వ్‌కీ (స్ప్రింక్లర్ నీళ్ళు వెనక్కి రాకుండా ఆపేది), గోడ కుళాయిలకీ తొడుగులు వేయండి. రోడ్డు మీదికి నీళ్ళు చిమ్మి అద్దంలా గడ్డకడితే ఎవరో ఒకరు జారి పడతారు. నేల బాగా ఎండి ఉంటే చలి రావడానికి ఒకటి రెండు రోజుల ముందు చెట్ల పాదులు తడపండి. కరివేపాకు, మల్లె కుండీలు ముందే లోపలికి తెచ్చేయండి. వేరే రాష్ట్రంలో ఉన్న బంధువుల ఇంటి నుంచి కరివేపాకు మొక్క కారులో తెచ్చుకోవడం మాత్రం వద్దు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది, అందుకే మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి. ఇక్కడి నర్సరీలోనే కొనండి.

వసంతంలో రెడ్‌బడ్ చెట్లు గులాబీరంగు పూలతో నిండడం చూస్తే కలుపు మందు వేసే అదును వచ్చిందని గుర్తు. మట్టి వేడి 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరేసరికి, అంటే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్య లోపల, ప్రీ-ఎమర్జెంట్ చల్లి అర అంగుళం నీళ్ళు పెట్టాలి. ఇది మొలవబోయే గింజను ఆపుతుంది, మొలిచిన కలుపును చంపదు. ఆ తర్వాత ఎండిన గరికను ఒకసారి బాగా కిందికి కోసేస్తే ఎండ నేలకు తగిలి తొందరగా పచ్చబడుతుంది. సెయింట్ అగస్టీన్‌ని అలా కోయకండి, దాని కాడలు నేలపైనే ఉంటాయి. ఎరువుకి తొందర లేదు, పచ్చగడ్డిని రెండు మూడుసార్లు కోసిన తర్వాత, ఏప్రిల్ మధ్యలో వేయండి. వెయ్యి చదరపు అడుగులకు ఒక పౌండ్ నత్రజని చాలు. సంచి మీద మొదటి అంకె, అంటే నత్రజని శాతం, 21 అయితే అది సుమారు అయిదు పౌండ్ల ఎరువు. కలుపుమందు, ఎరువు కలిపి అమ్మే 'వీడ్ అండ్ ఫీడ్' సంచులు చెట్ల దగ్గర వాడకండి, ఆ మందు వేళ్ళ ద్వారా చెట్టుకీ ఎక్కుతుంది. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి కోయకండి. ఊరికి వెళ్ళొచ్చి మోకాలెత్తు పెరిగిన గడ్డిని ఒక్క రోజులో దించేస్తే ఎండకు మాడిపోతుంది.

నేల తవ్వే పని ఏదైనా ఉంటే, అది ఒక చెట్టు గుంతైనా సరే, రెండు పనిదినాల ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా రంగులు వేసి వెళతారు. ఇంకో సంగతి. నీటి ఆంక్షలు ఉన్నప్పుడు గడ్డి ఎండిందని హెచ్‌ఓఏ జరిమానా వేయకూడదని టెక్సస్ 2025లో చట్టం చేసింది. అలాంటి ఉత్తరం వస్తే ఆ మాట రాయండి.

ఆగస్టు, సెప్టెంబర్‌లో వాన పడిన వారంలోనే లాన్ ఒక మూల నుంచి రాత్రికి రాత్రి ఎండినట్టు కనిపిస్తే సబ్బునీళ్ళు పోసి చూడండి. ఆర్మీవార్మ్ లద్దెపురుగులుంటే పైకి వచ్చేస్తాయి, ఆ రోజే మందు కొట్టాలి. చలికాలపు కలుపు రాకుండా రెండో విడత ప్రీ-ఎమర్జెంట్ వేసేది కూడా సెప్టెంబర్‌లోనే. వినాయక చవితి దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది. అందుకని మేము పెరట్లో కంచె పక్కన పది అడుగుల మడి ఒకటి ఏ మందూ వేయకుండా విడిగా ఉంచాం. పూజకు గరిక అక్కడే కోస్తాం. లాన్ మందులవాళ్ళు వచ్చే రోజు ఆ మడి చుట్టూ తాడు కట్టి, ఇక్కడ చల్లవద్దని వాళ్ళకి ముందే చెబుతాం.