పెంపుడు జంతువులకు పడని ఆహారం – మూడవ పాఠం: తూకం, లెక్క, గడియారం

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేసినవారి దగ్గర ఈపాటికి ఒక జాబితా ఉంటుంది: చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిసిన తినుబండారాలు ఇంట్లో ఏ అరలో, ఎంత ఎత్తులో ఉన్నాయో అందులో రాసి ఉంటుంది. దాన్ని దగ్గర పెట్టుకోండి. కుక్క గాని పిల్లి గాని వాటిలో ఒకటి తినేసిందని తెలిసిన మొదటి పది నిమిషాల్లో ప్రమాదం ఎంతటిదో కాగితం మీద లెక్క కట్టడం ఈ పాఠం విషయం. "చూడ్డానికి బాగానే ఉంది కదా" అన్న మాటను నమ్మకూడదని చెప్పడమే నా ముఖ్య ఉద్దేశం. ఇక్కడ చెప్పుకునే విషాలు చాలావరకు పైకి ఏమీ తెలియనివ్వకుండానే లోపల పని మొదలుపెడతాయి.

మొదట తూకం. ఏ విషానికైనా కిలో శరీర బరువుకు ఎంత పడిందన్నదే లెక్క కాబట్టి, జంతువు బరువు తెలియకపోతే మిగతా అంకెలన్నీ వృథా. కుక్క బరువు చూసే మిషన్ మీద నిలకడగా నిలబడదు. అందుకని దాన్ని ఎత్తుకొని మీరు ఎక్కండి, అంకె రాసుకోండి, దాన్ని దించి మీరొక్కరే మళ్ళీ ఎక్కండి. మొదటిసారి 62.4, రెండోసారి 54.4 వస్తే కుక్క బరువు 8 కిలోలు. గుబురు బొచ్చున్న కుక్కను కంటితో చూసి చెప్పేవారు ఎక్కువ బరువే చెబుతారు. అలా ఎక్కువ చెప్పినప్పుడల్లా లెక్కలో ప్రమాదం తక్కువగా కనబడుతుంది, కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు.

ఇప్పుడు చాక్లెట్‌తో మొత్తం లెక్క ఒకసారి చేద్దాం. నేల మీద చిరిగిన రేపరు ఉంది, దాని మీద నికర బరువు 100 గ్రాములని ఉంది, పంటిగాట్లతో మిగిలిన ముక్కను వంటింటి త్రాసులో వేస్తే 40 గ్రాములు తూగింది; అంటే 60 గ్రాములు కడుపులోకి పోయాయి. ఇంట్లో రెండు కుక్కలుంటే చెరి సగం తిన్నాయనుకోవద్దు, ఒక్కొక్కటీ మొత్తం 60 గ్రాములూ తిన్నదనే ఎంచండి. చాక్లెట్‌లో కుక్కకు ప్రధానంగా హాని చేసేది థియోబ్రోమిన్ అనే పదార్థం. తక్కువ మోతాదులో ఉండే కెఫీన్ దానికి తోడవుతుంది. మనిషి శరీరం థియోబ్రోమిన్‌ను త్వరగా వదిలించుకుంటుంది గాని, కుక్క శరీరంలో అది సగానికి తగ్గడానికే 17 గంటలు దాటుతుంది. గ్రాముకు సుమారుగా పాల చాక్లెట్‌లో 2 మిల్లీగ్రాములు, ముదురు చాక్లెట్‌లో 5 నుంచి 8, తీపి కలపని వంట చాక్లెట్‌లో 15 వరకూ థియోబ్రోమిన్ ఉంటుంది. కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు, అదుపులేని హుషారు మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పవచ్చు. 60 దగ్గర మూర్ఛలు రావచ్చు.

మన ఉదాహరణలోది ముదురు చాక్లెట్. గ్రాముకు 5 చొప్పున 60 గ్రాములకు 300 మిల్లీగ్రాములు, దాన్ని 8 కిలోలతో భాగిస్తే 37.5. గ్రాముకు 8 చొప్పున చూస్తే 480, భాగిస్తే సరిగ్గా 60. ఒక లెక్కలో గుండె దాకా రాలేదు, మరో లెక్కలో మూర్ఛల గుమ్మంలో ఉంది. ఏది నమ్మాలని చదువరులు తరచుగా అడుగుతారు. ఎక్కువది. సందేహం ఉన్న ప్రతిచోటా జంతువు బరువును తక్కువ వైపు, తిన్న పరిమాణాన్ని, పదార్థం గాఢతను ఎక్కువ వైపు తీసుకోవడమే ఈ లెక్కకు నియమం. లక్షణాలు బయటపడడానికి సాధారణంగా 6 నుంచి 12 గంటలు పడుతుంది కాబట్టి, అరగంట తర్వాత ఆ కుక్క తోక ఊపుకుంటూ వచ్చినంత మాత్రాన లెక్క తప్పినట్టు కాదు.

జైలిటాల్ విషయంలో గడియారం ఇంకా వేగంగా నడుస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లోను, కొన్ని వేరుశనగ వెన్నల్లోను తీపి కోసం కలిపే ఈ పదార్థం కుక్క శరీరంలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి, ఒక్కోసారి అరగంటలోనే రక్తంలో చక్కెరను పడగొడుతుంది. కిలోకు 0.1 గ్రాము చాలు, 0.5 గ్రాము దాటితే కాలేయం కూడా దెబ్బతినవచ్చు. కొన్ని రకాల గమ్‌లో ఒక్క బిళ్ళలోనే 1 గ్రాము దాకా ఉంటుంది, అంటే 10 కిలోల కుక్కకు ఒక్క బిళ్ళే ప్రమాదపు గీత. లేబుల్ మీద ఇది బర్చ్ షుగర్ అన్న పేరుతోనో, ఇ967 అన్న సంకేతంతోనో దాక్కుని ఉంటుంది.

ఉల్లి దీనికి పూర్తిగా వ్యతిరేకం, నిదానంగా పనిచేస్తుంది. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. వండినా, ఎండబెట్టినా ఆ గుణం పోదు, పొడిచేస్తే మరింత చిక్కబడుతుంది. పిల్లి రక్తకణాలు ఈ దెబ్బకు మరీ సున్నితమైనవి. కిలోకు 5 గ్రాముల ఉల్లి పిల్లికి హాని చేయగలదు, కాబట్టి 4 కిలోల పిల్లికి 20 గ్రాములు, అంటే నాలుగు పలకలుగా కోసిన మధ్యరకం ఉల్లిపాయలో ఒక పలక కంటే తక్కువే చాలు. చిగుళ్ళు పాలిపోవడం, మూత్రం ముదురు ఎరుపుకు తిరగడం కొన్ని రోజుల తర్వాతే కనబడతాయి. అప్పటికి ఇంట్లోవాళ్ళు ఉల్లి సంగతే మరిచిపోయి ఉంటారు. అందుకే ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం తిన్నదో రాసిపెట్టుకోమని ప్రతి పాఠంలోనూ విసుగు పుట్టేలా చెబుతున్నాను.

ఇంతవరకు లెక్క నేర్పాను, ఇప్పుడు లెక్క పనిచేయని చోటు చెప్పాలి. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను మూడు రోజుల్లోపే పాడుచేయగలవు. అయితే కొన్ని కుక్కలు ఎక్కువ తిని కూడా తట్టుకుంటాయి, మరికొన్ని కొద్దిగా తిని కూలిపోతాయి. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని 2021 నుంచి నిపుణులు బలంగా అనుమానిస్తున్నారు, ఆ ఆమ్లం పండుకూ పండుకూ మారుతూ ఉంటుంది. కాబట్టి ఇక్కడ సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదు; ఎన్ని తిన్నదని ఎంచుతూ కూర్చోకుండా వెంటనే ఫోన్ చేయాలి. మకడమియా గింజలు తిన్న కుక్కకు 12 గంటల్లోపు వెనక కాళ్ళు పట్టు తప్పుతాయి గాని, సాధారణంగా రెండు రోజుల్లో కోలుకుంటుంది.

లెక్క పూర్తికాగానే పశువైద్యుడికి ఫోన్ చేసి బరువు, పదార్థం, గరిష్ఠ పరిమాణం, తిన్న సమయం, ఇప్పటి స్థితి ఆ వరుసలోనే చెప్పండి. వాంతి చేయించాలని ఉప్పునీళ్ళు మాత్రం పట్టించకండి. ఉప్పు మోతాదు మించితే అదే ఇంకో విషం అవుతుంది. వాంతి చేయించాలా వద్దా అన్నది వైద్యుడు తేల్చవలసిన విషయం.

అభ్యాసం: 5 కిలోల కుక్క, ఎండుద్రాక్ష కలిసిన పాల చాక్లెట్ 40 గ్రాములు తిన్నది. ఒక విద్యార్థి "40 గ్రాములకు 80 మిల్లీగ్రాములు, కిలోకు 16, ఇది 20 కంటే తక్కువ, కాబట్టి భయం లేదు" అని రాశాడు. అతని గుణకార భాగహారాల్లో తప్పు లేదు. తప్పు ఎక్కడుందో రెండు వాక్యాల్లో రాయండి.