ఆధార్ దరఖాస్తు ఎక్కడ ఆగింది? కారణం, పరిష్కారం

"ఆధార్‌కు ఇచ్చి రెండు నెలలైంది, ఇంకా రాలేదు" అని ఎవరైనా వస్తే నేను ముందు రెండే అడుగుతాను. సెంటర్‌లో ఇచ్చిన రసీదు ఉందా? ఈలోగా ఇంకో సెంటర్‌లో మళ్లీ ఇచ్చారా? మొదటిదానికి "లేదు", రెండోదానికి "ఇచ్చాం" అని జవాబు వస్తే పని కష్టమవుతుంది. దరఖాస్తు ఆగితే అది ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. తెలియకుండా మళ్లీ మళ్లీ వేలిముద్రలు ఇచ్చి వస్తే ఉన్న చిక్కు ముడి పడుతుంది. మా ఊరివాళ్లకు తోడుగా సెంటర్లకు తిరిగి చూసినవాటిలో తరచూ ఎదురయ్యేవి ఇవి.

సమస్య: "పేరు కలవడం లేదు" అని కౌంటర్ దగ్గరే వెనక్కి పంపారు

మన దగ్గర ఎక్కువ మందిని తిప్పేది ఇదే. కారణం మన పేర్లలోనే ఉంది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో చివర. ఒకచోట ఒక్క అక్షరం, మరోచోట పూర్తిగా. లక్ష్మికి ఇంగ్లీషులో ఒకరు కెఎస్‌హెచ్ రాస్తారు, ఇంకొకరు ఎక్స్ రాస్తారు. పెళ్లయ్యాక రేషన్ కార్డులో అత్తింటి పేరు ఎక్కుతుంది, పదో తరగతి మెమోలో పుట్టింటి పేరే ఉంటుంది. ఇంట్లో అందరికీ ఆమె ఒక్కరే. రికార్డుకు మాత్రం ఇద్దరు.

ముందుగా ఇంట్లో ఉన్న కాగితాలన్నీ మంచం మీద పరచండి. వాటిలో మార్చడం అన్నిటికన్నా కష్టమైన కాగితం ఏదో చూడండి. పిల్లలకైతే జనన ధ్రువీకరణ పత్రం, చదువుకున్న పెద్దలకైతే పదో తరగతి మెమో లేదా పాస్‌పోర్ట్. ఫారంలో పేరు దాని ప్రకారమే, అక్షరం తేడా లేకుండా నింపండి. మిగతా కాగితాలను తర్వాత దీనికి తగ్గట్టు మార్పించుకోవచ్చు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీకి ఒక్కసారే. అందుకే "ప్రస్తుతానికి ఏదో ఒకటి రాయించి తర్వాత చూద్దాం" అనుకోవద్దు. జిరాక్సులు మాత్రమే తీసుకెళ్లినా తిప్పి పంపుతారు. ఒరిజినల్స్ స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగిచ్చేస్తారు.

ఇక రెండో స్క్రీన్ గురించి. ఆపరేటర్ ముందు ఒక మానిటర్ ఉంటుంది, మన వైపు తిప్పి ఇంకొకటి ఉంటుంది. అది మనం చదవడానికే పెట్టారు. ఇంగ్లీషులో పేరు కొట్టగానే తెలుగు పేరు దానంతటదే వచ్చేస్తుంది, తప్పులు దూరేది అక్కడే. సరళ అనే అమ్మాయి పేరు "సరల" అని వచ్చింది. ఇంగ్లీషులో ళ, ల ఒకటే అక్షరం కాబట్టి మెషిన్‌కు తేడా తెలియదు. రమణ "రామన" అవుతాడు. వెనక క్యూ ఉందని, ఆపరేటర్ తొందరపెడుతున్నాడని మొహమాటపడి తలూపేస్తాం. ఆ రోజు సరళ వాళ్లమ్మ తెర మీద వేలు పెట్టి "ఇది లడ్డూ ల బాబూ, మాది కళ్ళు ళ" అంది. అర నిమిషంలో సరిచేశాడు. ఇంటికొచ్చాక చూసుకుని ఉంటే మళ్లీ సెంటర్, మళ్లీ టోకెన్, మళ్లీ ఫీజు. మీకు చదవడం రాకపోతే చదవగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

సమస్య: అసలు చూపించడానికి కాగితమే లేదు

చదువుకోని పెద్దవాళ్లు, హాస్టళ్లలో పెరిగినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ఆధార్ సంస్థ ఇచ్చిన నమూనాలో గెజిటెడ్ అధికారి, తహసీల్దార్, ఎమ్మెల్యే వంటివారు సంతకం చేసిన సర్టిఫికెట్ చెల్లుతుంది. ఫొటో అతికించి, దాని మీదికి కూడా వచ్చేలా సంతకం, సీలు వేయించాలి. అది మూడు నెలలే చెల్లుతుంది. కాబట్టి ముందు సెంటర్‌లో తేదీ ఖాయం చేసుకుని ఆ తర్వాత సంతకానికి వెళ్లండి. ఇంట్లో ఒకరికి ఆధార్ ఉంటే, బంధుత్వం చూపించే కాగితంతో కుటుంబ పెద్ద ఆధారంగా నమోదు చేయించుకునే దారి కూడా ఉంది. ఆ పెద్ద స్వయంగా రావాలి.

సమస్య: వేలిముద్రలు పడటం లేదు

గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లేవాళ్లు, నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టేవాళ్లు, సిమెంటు పని చేసేవాళ్లు, డెబ్బై దాటిన వాళ్లు. వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి, చర్మం పొరలు లేస్తుంది. నేను తోడు వెళ్లిన ఒక పెద్దావిడను ఒక సెంటర్‌లో మూడుసార్లు "తర్వాత రండి" అని పంపేశారు. ఆవిడ మెషిన్ మీద చేతులు పెట్టి, తానేదో తప్పు చేసినట్టు నా వైపు చూసింది. నలభై ఏళ్లు పొలంలో పని చేసిన చేతులవి. ఆ చూపు నేను మరిచిపోలేదు.

చేయాల్సిందిది. వెళ్లడానికి రెండు మూడు రోజుల ముందు నుంచి కోత పనికి, గిన్నెలు తోమే పనికి కాస్త విరామం ఇవ్వండి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పొద్దున సబ్బుతో కడుక్కోండి. సెంటర్‌లో తడిగుడ్డతో వేళ్లు తుడుచుకుని గట్టిగా అదమకుండా మెత్తగా ఆనించండి. మెషిన్ అద్దం కూడా తుడవమని అడగండి, సగం తప్పు దానిదే అయి ఉండొచ్చు. అప్పటికీ పడకపోతే, వేలిముద్ర ఇవ్వలేనివాళ్లకు కనుపాపలతో నమోదు చేయాలని నిబంధన ఉంది. రెండూ ఇవ్వలేనివాళ్లకు సైతం ఫొటో, వివరాలతో మినహాయింపు కింద నమోదు చేయాలి. "బయోమెట్రిక్ మినహాయింపు కింద చేయండి" అని ఈ మాటతోనే అడగండి. కాదంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు. పైన చెప్పిన పెద్దావిడకు నాలుగో సారి ఇంకో సెంటర్‌లో కనుపాపలతో పని అయింది.

సమస్య: స్టేటస్ ఎప్పుడు చూసినా ప్రాసెస్‌లోనే ఉంది

18 ఏళ్లు నిండినవాళ్లు తొలిసారి నమోదు చేయించుకుంటే ఆ దరఖాస్తు రాష్ట్ర ప్రభుత్వ అధికారుల పరిశీలనకు వెళ్తుంది. 180 రోజుల వరకు పట్టవచ్చు. ఇది రిజెక్ట్ కాదు, టెన్షన్ పడొద్దు. విచారణకు వచ్చినప్పుడు ఫారంలో రాసిన చిరునామాలో మనిషి ఉండాలి, లేదా ఇరుగుపొరుగు చెప్పగలగాలి. పెద్దల కొత్త నమోదు అన్ని సెంటర్లలో చేయరు, ఎక్కడ చేస్తారో ముందే కనుక్కుని బయల్దేరండి.

సమస్య: రిజెక్ట్ అయింది, డూప్లికేట్ అని వచ్చింది

మీ వేలిముద్రలు, కనుపాపలు రికార్డులో ఇంతకుముందే ఉన్నాయని దానర్థం. చిన్నప్పుడు బడిలోనో క్యాంపులోనో తీయించి మరిచిపోయి ఉంటారు. మళ్లీ నమోదుకు వెళ్లినా ఇదే జవాబు వస్తుంది. పాత నంబర్ వెతకడమే మందు. నంబర్‌కు మొబైల్ లింక్ అయి ఉంటే మైఆధార్ పోర్టల్‌లో పేరు, మొబైల్ ఇచ్చి ఓటీపీతో తీసుకోవచ్చు. లేకపోతే సెంటర్‌కు వెళ్లి వేలిముద్రతో వెతికించండి. పాత వివరాల్లో తప్పులుంటే అప్పుడు అప్‌డేట్ చేయించుకోవాలి.

రసీదు పోయినవాళ్లకూ ఇదే దారి. రసీదు మీద 14 అంకెల నమోదు సంఖ్య, దాని పక్కన తేదీ, సమయం ఉంటాయి. స్టేటస్ చూడటానికి అవన్నీ కావాలి. సెంటర్ మెట్లు దిగేలోపే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

సమస్య: పాప జనన ధ్రువీకరణ పత్రంలో పేరే లేదు

ఆసుపత్రి నుంచి నమోదైనప్పుడు పేరు గడి ఖాళీగా వదిలేస్తారు, మనం బారసాల అయ్యాక మరిచిపోతాం. పుట్టుక నమోదైన మున్సిపాలిటీ లేదా పంచాయతీలో పేరు చేర్పించండి. ఏడాదిలోపు ఉచితం, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేస్తారు. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. జనన ధ్రువీకరణ పత్రంతో పాటు ఫొటో, తల్లి లేదా తండ్రి ఆధార్ చాలు. నీలిరంగు కార్డు వస్తుంది. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లకు ఇంకోసారి వేలిముద్రలు, కనుపాపలు ఇవ్వాలి.

సమస్య: డబ్బు అడుగుతున్నారు

కొత్త నమోదుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. 2025 అక్టోబర్ 1 నుంచి పేరు, చిరునామా లాంటి మార్పులకు 75, బయోమెట్రిక్ మార్పుకు 125 రూపాయలు. రసీదు మీద మొత్తం రాసి ఉంటుంది, అంతకంటే ఎక్కువ అడిగితే 1947.

సమస్య: విదేశాల నుంచి వచ్చాం, ఆరు నెలలు ఉండాలంటున్నారు

దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండాలనే నియమం ఉన్న మాట నిజమే. కానీ చెల్లుబాటయ్యే భారత పాస్‌పోర్ట్ ఉన్న ప్రవాసులకు అది వర్తించదు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన అన్నయ్య వచ్చిన మర్నాడే వెళ్లొచ్చు. అమెరికాలో పుట్టి ఆ దేశపు పాస్‌పోర్ట్ ఉన్న పిల్లలకు మాత్రం 182 రోజులు నిండాల్సిందే.

సమస్య: ఈ-ఆధార్ వచ్చింది, ఫైల్ తెరుచుకోవడం లేదు

పాస్‌వర్డ్ అంటే ఇంగ్లీషు పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్దబడిలో, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే దాని పక్కన ఉన్న చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్క. పి. కుమార్, 1990 అయితే పి, చుక్క, కె, యు, తర్వాత 1990. మధ్యలో ఖాళీ వదలొద్దు.