కొలెస్ట్రాల్ తగ్గించుకుందాం – మూడవ పాఠం: ఏ గిన్నెలోంచి ఎంత కొవ్వు వస్తోంది?

మొదటి పాఠంలో లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు చదవడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో నెలకు ఇంట్లోకి వచ్చే నూనెను మనుషుల లెక్కన పంచి చూశాం. అది ఒక్కసారి గుర్తు చేసుకుందాం. లీటరు నూనె ప్యాకెట్ బరువు 910 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. అంటే నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి నెలకు మూడున్నర ప్యాకెట్లు. మీ లెక్క అయిదారు ప్యాకెట్లు తేలి ఉంటే కంగారు పడకండి. నెలకు అర ప్యాకెట్ చొప్పున తగ్గిస్తూ, ఈ పాఠం కూడా మొదలుపెట్టండి.

ఈ పాఠం అయ్యేసరికి మీకు రావలసిన పని ఒకటే. మీరు రోజూ తినేదాంట్లో సంతృప్త కొవ్వు (నెయ్యి, మీగడ, కొబ్బరిలో ఎక్కువగా ఉండి రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే కొవ్వు) ఎన్ని గ్రాములుందో, అది ఏ వంటకంతో వస్తోందో కాగితం మీద పెట్టగలగాలి.

రిపోర్టు చేతికి రాగానే మనవాళ్ళు ముందుగా గుడ్డు మానేస్తారు, తర్వాత రొయ్యలు మానేస్తారు. కానీ రాత్రి అన్నంలోకి మీగడ కట్టిన పెరుగు మాత్రం మామూలుగానే పడుతుంది. మూడు నెలల తర్వాత చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ కదలకపోతే "నా ఒంటికి పత్యం పనిచేయదు" అని వదిలేస్తారు. ఇలా వదిలేసినవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే వాళ్ళు నిజంగానే నోరు కట్టుకున్నారు. తగ్గించాల్సినచోట కాకుండా వేరేచోట తగ్గించారు, అంతే.

కొలెస్ట్రాల్ తినడం వేరు, పెంచే కొవ్వు తినడం వేరు

మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒంట్లోనే తయారవుతుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. వీటిని కనిపెట్టిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే ఈ గ్రాహకాల పని మందగిస్తుంది. కాలేయం తీసుకోవాల్సిన ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. రిపోర్టులో అంకె పెరగడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

గుడ్డు సంగతి చూడండి. ఒక పెద్ద గుడ్డులో కొలెస్ట్రాల్ సుమారు 186 మిల్లీగ్రాములు ఉన్నా, సంతృప్త కొవ్వు ఒకటిన్నర గ్రాములకు కాస్త పైన మాత్రమే. చాలామందికి రోజుకొక గుడ్డు వల్ల ఎల్‌డీఎల్ పెద్దగా పెరగదు. షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు తమ డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. రొయ్యల్లోనూ కొలెస్ట్రాల్ ఎక్కువే కానీ సంతృప్త కొవ్వు చాలా తక్కువ. వాటిని పులుసు పెట్టుకుంటున్నారా, నూనెలో తేలేలా వేపుడు చేస్తున్నారా అన్నది చూడాలి.

నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేనిది" అని రాసి ఉంటే దాన్ని చూసి కొనకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌లో కూడా.

మీ హద్దు ఎంత?

ఎల్‌డీఎల్ తగ్గాలంటే మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు వాటా 7 శాతం దాటకూడదని అమెరికా జాతీయ కొలెస్ట్రాల్ కార్యక్రమం నిపుణులు 2001లో సూచించారు. ఆ ఒక్క మార్పుతోనే ఎల్‌డీఎల్ 8 నుంచి 10 శాతం తగ్గుతుందని వాళ్ళ అంచనా. లెక్క తేలికే. రోజుకు 1800 కేలరీలు తినే మనిషికి 7 శాతం అంటే 126 కేలరీలు. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు కాబట్టి 126ని 9తో భాగిస్తే 14 గ్రాములు. 2000 కేలరీలైతే పదిహేనున్నర. మీ అంకెను నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి.

గుర్తు పెట్టుకోవాల్సిన విలువలు

అన్నిటికన్నా ముందు పాలు. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా చాలా ఇళ్ళలో అసలు కథ ఇక్కడే ఉంది. ప్యాకెట్ పాలలో ఫుల్ క్రీమ్ అయితే కొవ్వు 6 శాతం, స్టాండర్డైజ్డ్ అయితే నాలుగున్నర, టోన్డ్ అయితే 3, డబుల్ టోన్డ్ అయితే ఒకటిన్నర. ప్యాకెట్ రంగు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీద రాసిన మాట చదవండి. ఇంటికి వచ్చి పోసే చిక్కటి గేదెపాలను 6 శాతం కిందే లెక్కేయండి, అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. పాల కొవ్వులో సుమారు 60 శాతం సంతృప్తమే కాబట్టి వచ్చిన గ్రాములను 0.6తో గుణించాలి. ఏ పాలు తోడుపెడితే పెరుగుకూ అదే లెక్క. నెయ్యి చిన్న చెంచా 5 గ్రాములు, అందులో సంతృప్తం 3.

పచ్చికొబ్బరి బరువులో సుమారు 30 శాతం సంతృప్త కొవ్వే. కొబ్బరి నూనెలో అది 80 శాతం పైన ఉంటుంది. కొబ్బరి నూనె గుండెకు మేలు అని వాట్సాప్‌లో తిరిగే మాటలను నమ్మి వంటకు మొదలుపెట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుందని, వాడవద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో స్పష్టంగా చెప్పింది. పామోలిన్‌లో 40 శాతం పైన, తవుడు నూనెలో 20 దగ్గర, వేరుశనగ నూనెలో 18 దగ్గర, నువ్వుల నూనెలో 14–15, సన్‌ఫ్లవర్‌లో 11 శాతం దాకా ఉంటుంది. వేరుశనగ గింజల బరువులో 7 శాతం.

బేకరీ పఫ్‌లు, బిస్కెట్లు, మిక్చర్ చాలావరకు పామాయిల్‌తోనో వనస్పతితోనో చేసినవే. నూనెలు, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు (నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకు చేటు చేసే కొవ్వు) 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి దేశంలో నిబంధన ఉంది. అది మంచి మార్పే. అయితే ట్రాన్స్ తగ్గినా వనస్పతిలో సంతృప్త కొవ్వు అలాగే ఉంది.

మాంసం సంగతి క్లుప్తంగా: చర్మం తీసిన కోడి బ్రెస్ట్ ముక్క 100 గ్రాములకు ఒక గ్రాము చాలు. మటన్ అయితే కొవ్వు ముక్కలు తీయించి కొట్టించుకోండి.

ఒక రోజు లెక్క చేసి చూద్దాం

రాజమండ్రిలో ఆఫీసు ఉద్యోగం చేసే నలభై అయిదేళ్ళ మనిషి అనుకుందాం. హద్దు 14 గ్రాములు. ఆయనకు తాను బాగా తగ్గించి తింటున్నానన్న నమ్మకం ఉంది. గుడ్డు, మాంసం రెండూ మానేశాడు.

కాఫీ, టీలకు కలిపి రోజుకు 200 మిల్లీలీటర్ల గేదెపాలు. కొవ్వు 12 గ్రాములు, సంతృప్తం 7. పొద్దున ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ, ఆయన వాటా కొబ్బరి 25 గ్రాములు, సంతృప్తం ఏడున్నర. కారప్పొడిలోకి చెంచా నెయ్యి, మధ్యాహ్నం పప్పులోకి మరో చెంచా, కలిపి 6. రెండు పూటలా కూరల్లో, పోపుల్లో వేరుశనగ నూనె 25 గ్రాములు, సంతృప్తం నాలుగున్నర. రెండు పూటల పెరుగు 250 గ్రాములు, కొవ్వు 15, సంతృప్తం 9. సాయంత్రం టీతో నాలుగు బిస్కెట్లు, సుమారు 3.

కూడితే 37. హద్దుకు రెండున్నర రెట్లు పైనే! అందులో పాలు, పెరుగు కలిపి 16. ఒక్క ఆ వాటాతోనే హద్దు దాటిపోయాడు. మానేసిన గుడ్డు రోజూ తిన్నా పెరిగేది ఒకటిన్నరే.

ఇప్పుడు వంట స్వరూపం మార్చకుండా సవరిద్దాం. పాలు, పెరుగు డబుల్ టోన్డ్‌కు మారిస్తే 16 కాస్తా 4 అవుతుంది. కొబ్బరి చట్నీ బదులు అదే బరువులో పల్లీ చట్నీ అయితే ఏడున్నర నుంచి 2కు లోపే. నెయ్యి పప్పన్నంలో మొదటి ముద్దకు మాత్రమే, 3. పప్పన్నంలో ఆ చెంచా కూడా తీసేయమని నేను చెప్పను. తీసేస్తే నెల తిరిగేలోపు మొత్తం పత్యమే అటకెక్కుతుంది. నూనె అలాగే, నాలుగున్నర. బిస్కెట్ల బదులు జామకాయో, గుప్పెడు వేయించిన శనగలో. మొత్తం 13 దాకా.

పెరుగు, పాలలోని కొవ్వు వెన్న, నెయ్యి అంత గట్టిగా ఎల్‌డీఎల్‌ను పెంచదని కొన్ని పరిశోధనల్లో కనబడింది. అది నిజమే అయినా, పెద్ద గిన్నెడు మీగడ పెరుగు తినే ఇంట్లో ఈ మార్పు చేయదగ్గదే.

తీసినచోట ఏం పెడుతున్నారు?

ఇది చాలామంది జారిపోయే చోటు, కాస్త నిదానంగా చదవండి. పల్చటి పెరుగు రుచించడం లేదని ఇంకో గరిటెడు అన్నం పెట్టుకుంటే, బిస్కెట్లు మానేసి టీలో చక్కెర పెంచితే ఎల్‌డీఎల్ కొద్దిగా తగ్గినా ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు) పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. తెల్లన్నం ఎక్కువగా తినే మనకు ఆ రెండు ఇబ్బందులూ ముందే ఉన్నాయి. సంతృప్త కొవ్వు తీసినచోట పల్లీలు, నువ్వులు, బాదం, చేప, పప్పులు రావాలి. అన్నం పెరగకూడదు.

పల్చటి పెరుగు విషయంలో ఒక ఉపాయం. తోడుపెట్టిన డబుల్ టోన్డ్ పెరుగును పల్చటి గుడ్డలో గంటసేపు వడకడితే గట్టిగా తయారవుతుంది. లేదంటే కరివేపాకు, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి మజ్జిగ చేసుకోండి. వేసవిలో మీగడ ఊసే గుర్తురాదు. గేదెపాలు మానడం కుదరని ఇంట్లో, కాచిన పాలను ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి పైన కట్టిన మీగడ పూర్తిగా తీసేయండి. డబుల్ టోన్డ్ అంత కాకపోయినా కొవ్వు బాగానే దిగుతుంది. ఆ మీగడను దాచి వెన్న చిలికి మళ్ళీ మీరే తింటే మాత్రం ఫలితం ఉండదు.

చిన్నపిల్లలకు, బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళకు ఈ కోత పెట్టకండి. రెండేళ్ళలోపు పిల్లలకు పాలలో కొవ్వు కావాలి. ఇంటికి రెండు రకాల పాలు తెప్పించుకోవడం కాస్త పనే, అయినా అదే సరైన పద్ధతి.

సాధన

ముందు ఈ లెక్క చేయండి: టోన్డ్ పాలు 300 మిల్లీలీటర్లు, నెయ్యి ఒక చిన్న చెంచా, సన్‌ఫ్లవర్ నూనె 10 గ్రాములు, పల్లీలు 20 గ్రాములు. జవాబు 11కు కాస్త అటూ ఇటూ రావాలి. రాకపోతే పాల దగ్గర 0.6తో గుణించారో లేదో చూసుకోండి.

తర్వాత మీ సొంత రోజులు మూడు రాయండి. రెండు మామూలు రోజులు, ఒక ఆదివారం. ఆదివారం తప్పకుండా ఉండాలి, బిరియానీ, టిఫిన్ సెంటర్ పూరీ బయటపడేది ఆ రోజే. వంట చేసేది మీ ఆవిడో, అమ్మో అయితే పక్కన నిలబడి నూనె, కొబ్బరి తూకం వేయండి. వాళ్ళను తప్పుపట్టడానికి కాదని ముందే చెప్పండి. మూడు రోజుల్లోనూ ఎక్కువ గ్రాములు వచ్చిన రెండు పదార్థాలకు గుర్తు పెట్టండి. ఈ నెల ఆ రెండే మార్చండి. మిగతావి ముట్టుకోకండి. పరీక్ష మళ్ళీ రెండు మూడు నెలల తర్వాత.

ఎల్‌డీఎల్ 190, ఆపైన ఉన్నవాళ్ళు, గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ పడినవాళ్ళు ఈ పాఠాన్ని మాత్రలకు బదులుగా వాడకూడదు. మాత్ర వేసుకుంటూనే ఇది చేయండి. 190 దాటిన ఎల్‌డీఎల్ వంశపారంపర్యంగా రావచ్చు కాబట్టి పిల్లలకూ, తోబుట్టువులకూ పరీక్ష చేయించండి. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, ఆ పరీక్ష కూడా ఒకసారి అడగండి.

నాలుగో పాఠంలో నీటిలో కరిగే పీచు గురించి. దానికోసం గోరుచిక్కుడు, బొబ్బర్లు, మెంతులు, ఓట్స్ తెచ్చి పెట్టుకోండి. బొబ్బర్లు ముందురోజు రాత్రే నానబెట్టాలి.