35 తాళాల పట్టికను బట్టీ పట్టకుండా

కర్ణాటక సంగీతంలో సర్టిఫికెట్ పరీక్షకు చదివేవారిని థియరీలో బాగా విసిగించేది 35 తాళాల పట్టిక (ఏడు తాళాలు, ఒక్కొక్కటీ ఐదు జాతుల్లో). రాత్రంతా వల్లించినా తెల్లారేసరికి మిశ్ర జాతి మఠ్యమూ ఖండ జాతి అటా కలగాపులగమైపోతాయి.

దానికి బదులు, పరీక్షలో కూర్చోగానే జవాబుపత్రం చివరి పేజీలో లఘువు (జాతిని బట్టి అక్షరాల సంఖ్య, అంటే లెక్కించే దెబ్బల సంఖ్య, మారే తాళభాగం) విలువలు తిశ్రకు 3, చతురశ్రకు 4, ఖండకు 5, మిశ్రకు 7, సంకీర్ణకు 9 అని పెన్సిలుతో రాసుకుని, వాటి కింద ధ్రువకు మూడు లఘువులూ 2, మఠ్యకు రెండు లఘువులూ 2, రూపకకు లఘువూ 2, ఝంపకు లఘువూ 3, త్రిపుటకు లఘువూ 4, అటకు రెండు లఘువులూ 4, ఏకకు లఘువొక్కటే అని పెట్టుకుంటే చాలు. మిశ్ర జాతి మఠ్యం అడిగితే ఏడు రెళ్లు పద్నాలుగుకు రెండు కలిపి 16 అక్షరాలు. ఆది తాళమంటే చతురశ్ర జాతి త్రిపుటే కనుక 4కు 4 కలిపి 8.

అయితే ఖండ జాతి ఝంపకూ 8 అక్షరాలే వస్తాయి కాబట్టి, అంగాల (తాళభాగాల) వరుసను (ధ్రువలో ద్రుతం, అంటే రెండక్షరాల అంగం, మొదటి లఘువు వెంటనే వస్తుంది) విడిగా నేర్చుకోవలసిందే. ఈ 35లో చేరని చాపు తాళాలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు.