స్నేహితులతో స్టార్ హోటల్ భోజనం: ముందు డబ్బు మాట, తర్వాతే మెనూ

సెలవులకు స్నేహితురాళ్లు హైదరాబాదు వచ్చినప్పుడల్లా పెద్ద హోటల్లో భోజనం ఏర్పాటు చేసే పని నా మెడకే చుట్టుకుంటుంది. ఈ ఊళ్లో కాపురం ఉంటున్నదాన్ని నేనే, పైగా పన్నుల లెక్కలు చూసే ఉద్యోగం. బిల్లు చదవడం వచ్చిన మనిషి ఒకరు పక్కన ఉంటే మిగతావాళ్లు నిశ్చింతగా తింటారు. రాజమండ్రి లక్ష్మి, కర్నూలు రఫియా, డల్లాస్ నుంచి వచ్చే సుధ, నేను. నలుగురికీ నోళ్లు వేరు, సంపాదనలు వేరు. అందుకే నాదొక పట్టుదల: ఎన్నిరోజులు ఉన్నా ఘనమైన భోజనం ఒక్కటే, అదీ వీలైతే మధ్యాహ్నం, డబ్బు సంగతి మాత్రం ముందురోజే తేలిపోవాలి.

డబ్బు గురించి హోటల్లో కూర్చున్నాక మాట్లాడకూడదు. ముందురోజు సాయంత్రం ఇంట్లో టీ తాగుతూ ‘తలకు ఇంత’ అని అంకె చెప్పేయండి. ఎవరికైనా అది బరువనిపిస్తే అప్పుడే మొహంలో తెలుస్తుంది, హోటల్ మార్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఆ అంకెలో పన్నులు కూడా కలిసి ఉండాలి, ఎందుకంటే మెనూలో చూసిన మొత్తం బిల్లులో ఉండదు. విడిగా ఉండే రెస్టారెంట్లలో, ఏసీ ఉన్నా లేకపోయినా, భోజనం మీద జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 శాతం. మీరు అక్కడ గది తీసుకున్నారా, అన్నం తినేసి వెళ్లిపోతున్నారా అన్నదానితో నిమిత్తం లేదు. నలుగురికీ కలిపి 8,000 రూపాయల తిండి అయిందనుకోండి. జూబ్లీహిల్స్‌లో విడిగా ఉన్న రెస్టారెంటులో అది 8,400 అవుతుంది, స్టార్ హోటల్లో 9,440 అవుతుంది. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి కూడా వేశారంటే, ఆ చార్జి మీద కూడా పన్ను పడుతుంది కాబట్టి 10,384 దాకా పోతుంది.

ఆ సర్వీస్ చార్జి కట్టాలని నిర్బంధం లేదు. బిల్లులో దాన్ని వాళ్లంతట వాళ్లు చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. గొంతు పెంచాల్సిన పని లేదు, ‘దీన్ని తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి’ అంటే చాలాచోట్ల మారు మాట్లాడకుండా తీసేస్తారు. ఒకచోట మాత్రం మేనేజరు ‘మా దగ్గర ఇదే పద్ధతండీ’ అన్నాడు. కొత్త బిల్లు చేతికి వచ్చేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు, లక్ష్మి సిగ్గుపడి తలుపు దగ్గరకు వెళ్లి నిలబడింది. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వడ్డించిన అబ్బాయి బాగా చూసుకుంటే టిప్పు నగదుగా అతని చేతిలోనే పెట్టండి. అందుకు కొన్ని నోట్లు ముందే పర్సులో ఉంచుకోవడం మంచిది.

చోటు ఎంచుకోవడంలో నా సూత్రం తేలిక: వచ్చినవాళ్ల ఊళ్లో దొరకనిది పెట్టాలి. డల్లాస్ నుంచి దిగిన సుధను పాస్తా తినడానికి తీసుకుపోవడంలో అర్థం లేదు. లక్ష్మికి అదే పాస్తా సరదా. ఆమె ఒక్కతే వస్తే బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లోని పార్క్ హయత్‌కు, అక్కడి ట్రె ఫోర్ని అనే ఇటాలియన్ రెస్టారెంటుకు తీసుకుపోతాను. నలుగురం కలిసిన రోజు మాత్రం హైదరాబాదీ వంటకే నా ఓటు. బంజారాహిల్స్ తాజ్ కృష్ణాలో ఫిర్దౌస్ ఉంది. మాదాపూర్‌లో దుర్గం చెరువు కనిపించేలా కట్టిన ఐటీసీ కోహినూర్‌లో దమ్ పుఖ్త్ బేగమ్స్ ఉంది, అదే హోటల్లో తందూరీ వంటలకు పెషావరీ ఉంది. సాంబారు, రసం లేనిదే భోజనం కాదనే పెద్దవాళ్లు వెంట ఉంటే బేగంపేట ఐటీసీ కాకతీయలోని దక్షిణ్ నయం. అక్కడ దక్షిణాది రాష్ట్రాల వంటలు వడ్డిస్తారు.

ఫలక్‌నుమా లెక్క వేరు. హైదరాబాదు దివానుగా చేసిన వికార్ ఉల్ ఉమ్రా 1884లో పునాది వేసి కట్టించుకున్న మేడ అది. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. తాజ్ వాళ్లు బాగుచేసి 2010లో హోటలుగా తెరిచారు. 101 మంది కూర్చునే భోజనాల బల్ల గురించి అందరూ వినే వస్తారు. ఆ బల్ల దగ్గర కూర్చోబెడతారని మీవాళ్లకు ఆశ పెట్టకండి. మామూలుగా బుక్ చేసుకున్నవాళ్లకు వడ్డించేది అక్కడి రెస్టారెంట్లు అదాలోనో సెలెస్ట్‌లోనో. హైదరాబాదీ వంటలకైతే అదా. బుకింగ్ లేకపోతే కొండ కింద గేటు దగ్గరే ఆపేస్తారు, ‘ఒక్కసారి చూసి వచ్చేస్తాం’ అంటే కుదరదు. సాయంత్రానికి బుక్ చేస్తే పొద్దు గూకకముందే పైకి చేరండి. చీకటి పడ్డాక దీపాలు కనిపిస్తాయి కానీ, ఊరు ఎంత దూరం పరుచుకుందో పగటి వెలుగులోనే తెలుస్తుంది. దారి కూడా చూసుకోవాలి. సాయంత్రం పూట చార్మినార్ మీదుగా కారులో రావడం ఓపికకు పరీక్ష, రంజాన్ నెలలో అయితే ఆ ఊసే వద్దు. మెహిదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగి, చాంద్రాయణగుట్ట వైపు నుంచి రావడం మేలు.

బుకింగ్ యాప్‌లో చేసినా, ముందురోజు హోటలుకు ఒకసారి ఫోన్ చేయండి. ఎంతమంది, ఎన్ని గంటలకు, కిటికీ పక్కన టేబుల్ దొరుకుతుందా, వయసైనవాళ్లు ఉంటే మెట్లు ఉన్నాయా, ఇవన్నీ అప్పుడే అడగాలి. తిండి పట్టింపులు కూడా అప్పుడే చెప్పాలి. లక్ష్మి శనివారం మాంసం ముట్టదు, కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తుంది. వంటగదికి ఒకరోజు ముందు తెలిస్తే ఏదో ఒకటి చక్కగా చేసి పెడతారు. కూర్చున్నాక చెబితే పనీర్ ముక్కలే గతి. తేదీ ఖాయం చేసే ముందు క్యాలెండరులో వారం, తిథి చూసుకుంటే ఈ తిప్పలే ఉండవు. ఇక యాప్‌లలోనూ బ్యాంకు కార్డుల మీదా కనిపించే తగ్గింపుల్లో చాలావరకు ఏదో ఒక మెలిక ఉంటుంది. ఆదివారం వర్తించదనో, మద్యానికి లేదనో, బిల్లు యాప్ ద్వారానే కట్టాలనో. ఆ షరతులు ఇంట్లోనే చదువుకోండి.

మధ్యాహ్నమే ఎందుకంటారా? నేతి వంటలు రాత్రి పదింటికి తిని పడుకుంటే తెల్లవారేదాకా కడుపు గుర్తుచేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం తింటే సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నడిచి అరిగించుకోవచ్చు. రాత్రికి ఇంట్లో పెరుగన్నం చాలు. పనిరోజుల్లో మధ్యాహ్నం హాల్లో రద్దీ కూడా తక్కువ, వడ్డించేవాళ్లకు మనతో మాట్లాడే తీరిక దొరుకుతుంది.

దుస్తుల గురించి ఎక్కువ ఆలోచించవద్దు. చీర ఎక్కడైనా సరిపోతుంది. మగవాళ్లకే చెప్పాలి: నిక్కర్లు, రబ్బరు చెప్పులు వద్దు.

కూర్చోగానే ‘నీళ్లు ఏవి కావాలి’ అని అడుగుతారు. ఆ ప్రశ్న ఖరీదైనది. మొహమాటానికి తల ఊపితే సీసాలు తెరుచుకుంటూనే ఉంటాయి. ‘మామూలు ఫిల్టర్ నీళ్లు చాలు’ అనండి. సీసా మీద ఎమ్మార్పీ చూపించి తర్వాత వాదించి లాభం లేదు. హోటళ్లు, రెస్టారెంట్లు అంతకు మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. మందు తాగేవాళ్లు, తాగనివాళ్లు కలిసి ఉంటే ఆ బిల్లు వేరుగా రాయమని మొదట్లోనే చెప్పండి. మద్యం జీఎస్టీలోకి రాదు, దాని మీద పడేది రాష్ట్ర వ్యాట్, కాబట్టి వేరు చేయడం వాళ్లకూ కష్టం కాదు. మొత్తాన్ని నాలుగు భాగాలు చేసి, నిమ్మరసం తాగిన లక్ష్మితో సుధ వైనుకు డబ్బు కట్టించడం నాకు నచ్చదు.

ఇక ఆర్డరు. మెనూ చూసి అందరూ తలో మాట చెబితే టేబుల్ నిండిపోతుంది, సగం మిగిలిపోతుంది. ఒకరే చెప్పాలి. నలుగురికి నా లెక్క ఇది: రెండు రకాల కబాబులు, ఒక మటన్ బిర్యానీ, శాకాహారులకు బఘారా బైంగన్ లాంటి ఒక కూర, కొన్ని రొట్టెలు, చివర రెండు మీఠాలు. కావాలంటే తర్వాత ఇంకొకటి చెప్పుకోవచ్చు. ప్రతి వంటకం ఎంతమందికి వస్తుందో, కబాబు ప్లేటులో ఎన్ని ముక్కలుంటాయో అడగండి, అది పిసినారితనం కాదు. నలుగురు ఉన్నచోట ఐదు షికంపూర్ కబాబులు వస్తే, ఆ ఐదోది ‘నువ్వు తిను, నువ్వు తిను’ అనుకుంటూ ఉండగానే చల్లారిపోతుంది. పేరు చూసి ఏమిటో తెలియకపోతే అది కూడా అడగాలి. పత్థర్ కా గోష్త్ అంటే పలచగా తరిగిన మటన్‌ను కాలిన రాతి పలక మీద కాల్చేది. లుఖ్మీ అంటే లోపల ఖీమా పెట్టిన చదరపు పిండివంట. వడ్డించేవాళ్లకు ఇవన్నీ చెప్పడం ఇష్టమే. ఏమీ అడగకుండా పక్క టేబుల్ వైపు దొంగచూపులు చూసేవాళ్లతోనే వాళ్లకు ఇబ్బంది.

బిర్యానీ దగ్గర మాత్రం కాస్త నిలబడాలి. కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసాన్ని పెరుగు, మసాలాల్లో నానబెట్టి గిన్నె అడుగున పరుస్తారు, పైన సగం ఉడికిన బియ్యం పోసి, మూత చుట్టూ పిండి పట్టించి దమ్ చేస్తారు. అంటే రుచంతా అడుగున ఉంటుంది. పిండి పట్టీ కోసి మూత ఎత్తగానే ఆవిరి లేస్తుంది, మా సుధ ఫోను కూడా లేస్తుంది. ఆ సందట్లో పైన ఉన్న తెల్లన్నం నాలుగు ప్లేట్లలో సర్దేస్తే, ‘దీనికా ఇంత పేరు’ అనిపిస్తుంది. గరిటెను గిన్నె అంచు వెంబడే అడుగుదాకా దించి, పొరలు చెదరకుండా ఒక్కసారిగా పైకి తీయమని చెప్పండి. అప్పుడు ప్లేటులోకి తెల్ల మెతుకులు, కుంకుమపువ్వు అంటిన మెతుకులు, మసాలా పట్టిన గోధుమరంగు మెతుకులు, వేయించిన ఉల్లిపాయ, ఒక ముక్క అన్నీ కలిసి వస్తాయి. ముందు నాలుగు ముద్దలు ఏమీ కలపకుండా తినండి. మిర్చీ కా సాలన్ పక్కన ఉండాల్సింది, మనవాళ్లు దాన్ని సాంబారు పోసుకున్నట్టు పోసేసుకుంటారు. రఫియా అయితే ముందు సాలన్‌ను వేలికొసతో నాలుక మీద వేసుకుని, నువ్వులు సరిగ్గా వేగాయో లేదో చెప్పేస్తుంది. ఆమె తల ఊపితేనే మేం వడ్డించుకుంటాం.

పెషావరీకి వెళితే కత్తులు, ఫోర్కుల బెంగ లేదు. మెడకు ఏప్రన్ కట్టి, చేత్తోనే తినమంటారు, కావాలంటే చెంచా ఇస్తారు. అక్కడి దాల్ బుఖారా రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన నల్ల మినుములు. దాన్ని ఒకటే చెప్పి, నలుగురూ పంచుకునేంత పెద్ద నాన్ తెప్పించుకుంటే శాకాహారికి కడుపు నిండినట్టే. ఫోర్కులు పెట్టిన హోటల్లోనైనా రొట్టె, బిర్యానీ చేత్తో తింటే ఎవరూ ఏమీ అనుకోరు.

బఫే గురించి నాకు పెద్ద మాటల్లేవు. పిల్లలు వెంట ఉంటే అదే సుఖం. పెద్దవాళ్లం కబుర్లు చెప్పుకోవడానికి వెళ్లినప్పుడు మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు ప్లేటు పట్టుకుని లేచి వెళ్తూనే ఉంటారు, ఒక్క కబురూ పూర్తికాదు.

తీపికి ఒక ఖుబానీ కా మీఠా, ఒక డబుల్ కా మీఠా, నాలుగు చెంచాలు. మీఠా చెప్పినప్పుడే మిగిలిన బిర్యానీ కట్టించమని చెప్పండి. కొన్ని హోటళ్లు బయటికి తీసుకెళ్లే తిండికి తమ బాధ్యత లేదని రాసిన కాగితం మీద సంతకం అడుగుతాయి, అది మామూలే. బఫేలో మిగిలింది కట్టించి ఇవ్వరు. బిల్లు రాగానే వంటకాల పేర్లు, సంఖ్యలు, పన్ను శాతం ఒకసారి చూసి ఒకరే కట్టేయండి. మిగతావాళ్లు అక్కడే, లేవకముందే యూపీఐలో పంపేయాలి. మా సుధ ప్రతిసారీ తన కార్డు తీస్తుంది. వద్దని నేనూ, తీసుకోండని ఆమే ఆ అబ్బాయి ముందు లాగులాడుకోకుండా ఉండటానికి నా కార్డు లోపలికి వస్తూనే కౌంటరులో చూపించి, బిల్లు నాకే తెమ్మని చెప్పి ఉంచుతాను. క్యాబ్ కూడా మీఠా తింటుండగానే పిలవండి. ఫలక్‌నుమాకైతే వెళ్లిన కారునే నిలిపి ఉంచుకోవాలి, రాత్రి పూట ఆ కొండ దగ్గరికి క్యాబ్ దొరకడం కష్టం.