అద్దె ఇంట్లో బీరువా ముందుకు ఒరుగుతుంటే

ఓనర్ గోడకు మేకు కూడా కొట్టొద్దన్నారని బీరువాను అలాగే వదిలేయకండి. సమస్యలో సగం గోడ దగ్గర కాదు, నేల దగ్గరే ఉంటుంది. ఏ పని మొదలుపెట్టినా ముందు బీరువా ఖాళీ చేయండి, పక్కన ఇంకో మనిషిని ఉంచుకోండి.

తాళం తీయగానే తలుపు దానంతట అదే తెరుచుకుంటోంది

కారణం: నేల వాలు. నీళ్లు పోవాలని బాల్కనీ వైపో బాత్రూం వైపో కాస్త వాలుగా టైల్స్ వేస్తారు. బీరువా ముఖం అటే ఉంటే బరువంతా ముందుకు వస్తుంది. తలుపుకి అద్దం కూడా ఉంటే మరీనూ.

ముందు కాళ్ల కింద ఎత్తు పెట్టండి. 78 అంగుళాల ఎత్తు, 19 అంగుళాల లోతు ఉన్న బీరువాకు ముందువైపు పావు అంగుళం లేపితే పైభాగం దాదాపు అంగుళం వెనక్కి వాలుతుంది. అది చాలు. మడిచిన అట్టముక్క మాత్రం వద్దు, ఇల్లు తుడిచిన ప్రతిసారీ నాని నలిగిపోతుంది. కార్పెంటర్ దగ్గర మిగిలిపోయిన సన్మైకా ముక్కలు అడిగి తెచ్చుకోండి. ఒక్కోటి సుమారు మిల్లీమీటరు మందం. ఆరింటిని ఒకదానికొకటి అంటించి, అడుగున పల్చటి రబ్బరు ముక్క వేస్తే టైల్ మీద జారదు.

ముట్టుకుంటే గడగడలాడుతోంది

ఒక కాలు నేలకు ఆనలేదు. ప్రతి కాలి కిందా కాగితం దూర్చి చూడండి. ఎక్కడ సులువుగా దూరితే అక్కడే సన్మైకా పెట్టాలి.

కాళ్లు సరిచేసినా, లాగితే ముందుకు వస్తోంది

కారణం: పైన పట్టు లేదు. అడుగున స్కర్టింగ్ (గోడ కింది అంచున వేసే టైల్ పట్టీ) అడ్డొచ్చి బీరువా వెనక సందు మిగిలిపోతుంది. ఆ సందు మందాన ప్లైవుడ్ పట్టీ కోయించి వెనక పై అంచుకు అంటిస్తే గోడకు ఆనుతుంది. కానీ అది వెనక్కి ఊగకుండా ఆపుతుందే తప్ప ముందుకు పడకుండా ఆపదు.

పైన సజ్జ ఉంటే అదే మీ అదృష్టం. బీరువా మీద అడ్డంగా ఒక చెక్క వేసి, దానికీ సజ్జకీ మధ్య కొలత ప్రకారం కోసిన దిమ్మెలు రెండు బిగించండి. ఇవి గోడవైపే ఉండాలి. బీరువా ముందుకు పడేటప్పుడు పైకి లేచేది వెనక అంచే కదా! జపాన్‌లో భూకంపాల కోసం సీలింగ్‌కూ బీరువాకూ మధ్య బిగించే రాడ్లు ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వస్తే హైదరాబాద్‌లోనూ కదలిక తెలిసింది. కాబట్టి మనకూ ఇది పనికొచ్చే జాగ్రత్తే. ఫాల్స్ సీలింగ్‌కు మాత్రం బిగించకండి, విరుగుతుంది.

సజ్జ లేకపోతే బీరువాను కిటికీ పక్కకు జరిపి, పైభాగాన్ని నైలాన్ బెల్టుతో గ్రిల్‌కు కట్టండి. పుస్తకాల షెల్ఫుకు ఇది మరీ అవసరం. ఆరడుగుల ఎత్తుకు అడుగు లోతే ఉన్న షెల్ఫు పది డిగ్రీలు వంగేలోపే పడిపోతుంది.

డబుల్ సైడ్ టేపు సున్నంతో సహా ఊడొచ్చింది

టేపు పట్టుకున్నది గోడను కాదు, పైనున్న రంగును. గోడ మీద వేలితో రుద్దండి. తెల్లగా అంటితే ఎంత ఖరీదైన టేపైనా దండగే. బీరువా విషయంలో టేపును నేను అసలు నమ్మను.

పిల్లలు సొరుగులు లాగి ఎక్కుతున్నారు

మా అక్క కూతురికి నాలుగేళ్లు. బీరువా మీదున్న బొమ్మ కోసం కింది సొరుగు లాగి దాని మీద నిలబడింది. రెండో సొరుగు పట్టుకునేసరికి బీరువా వెనక కాళ్లు లేచాయి. పక్కనే ఉన్నాను కాబట్టి అందుకోగలిగాను. ఆ రోజే బొమ్మలన్నీ కిందికి దించాను, బరువైన సామాన్లు అడుగు అరల్లోకి మార్చాను, సొరుగులకు తాళాలు పెట్టాను.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇవన్నీ చేసినా నాకు టెన్షన్ తగ్గలేదు. ఓనర్‌గారికి జరిగింది చెప్పి, బీరువాను గోడకు బిగించడానికి దాని వెనక బయటికి కనపడని చోట రెండే కన్నాలకు అనుమతి అడిగాను. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టించి రంగు వేయిస్తానని వాట్సాప్‌లో రాసిచ్చాను. ఆయన సరేనన్నారు.