కుక్క నడుం పడిపోయినా, కళ్ళు పచ్చబడినా: ఏం చూడాలి, ఏం చెయ్యాలి

మా విజయనగరం వైపు కుక్క వెనక కాళ్ళు ఈడిస్తే చాలు, "నడుం పడిపోనాది, నొప్పి మాత్ర వేసీ" అంటారు. నేనూ వేసినవాణ్ణే. నడుం సంగతి ఎలా ఉన్నా ఆ మాత్ర వెళ్ళి లివర్ మీద పడచ్చు. అందుకే రెండు జబ్బుల్నీ ఒకేచోట రాస్తున్నాను.

సమస్య: నిన్నటిదాకా మంచం ఎక్కి దూకింది, ఇవాళ వెనక కాళ్ళు ఈడుస్తోంది

డాష్‌హండ్, బీగిల్, పెకినీస్ లాంటి జాతుల్లో ఎక్కువగా ఇది డిస్క్ గొడవే. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన డిస్క్ చిన్న వయసులోనే గట్టిపడి, ఒకరోజు చిట్లి వెన్నుపామును నొక్కుతుంది. దీని వెనకున్న జన్యుమార్పును 2017లో పట్టుకున్నారు: ఎఫ్‌జీఎఫ్4 జన్యువుకి 12వ క్రోమోజోమ్ మీద ఒక అదనపు నకలు. నాటు కుక్కకైతే ముందు బండి గుద్దిందేమో అనుమానించాలి.

వెనక పాదాన్ని మడిచి, దాని పైభాగం నేలకి ఆనేలా పెట్టి చూడండి. బాగున్న కుక్క వెంటనే సరిచేసుకుంటుంది. అలాగే వదిలేస్తే నరాల్లో తేడా ఉన్నట్టే. ఆసుపత్రిలో డాక్టరు గారు కాలి వేలిని గట్టిగా నొక్కుతారు. కుక్క కాలు లాక్కోగానే "హమ్మయ్య, తెలుస్తోంది" అని మురిసిపోతాం. అది లెక్కలోకి రాదు. వెన్నుపాము మధ్యలో పూర్తిగా దెబ్బతిన్నా కాలు దానంతటది ముడుచుకుంటుంది. కుక్క తల తిప్పి చూడాలి, అరవాలి, కరవబోవాలి. నొప్పి మెదడుదాకా వెళ్ళిందనడానికి అదే గుర్తు.

నడవగలుగుతూ నొప్పి మాత్రమే ఉంటే కనీసం 4 వారాలు చిన్న చోట్లో కట్టడి చెయ్యాలి. "కుదురుగానే ఉంచాం సార్, మెట్లు మాత్రం ఎక్కింది" అంటే కుదరదు. కాళ్ళు పడిపోయినా నొప్పి తెలుస్తుంటే, ఆపరేషన్ తర్వాత పదింటిలో తొమ్మిది దాకా మళ్ళీ నడుస్తాయి. నొప్పి కూడా తెలియకపోతే మళ్ళీ నడిచేవి దాదాపు సగమే, ఇక రేపు చూద్దాం అనుకోవద్దు. మామూలు ఎక్స్‌రేలో వెన్నుపాము కనపడదు, సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ కావాలి. మన జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఏ స్కాన్ దొరుకుతుందో ముందే కనుక్కుని బయల్దేరండి. ఆటోలో ఒళ్ళో పెట్టుకోవద్దు, వెడల్పాటి చెక్క మీద పడుకోబెట్టి దుప్పటితో కట్టండి. పొద్దుటినుంచీ ఉచ్చ పోయకపోతే ఆ మాటా చెప్పండి.

సమస్య: ముసలి జర్మన్ షెపర్డ్, నొప్పి లేదు, వెనక గోళ్ళు అరిగిపోతున్నాయి

8 ఏళ్ళు దాటాక నెలల తరబడి మెల్లగా ముదిరితే డీజెనరేటివ్ మైలోపతీ, అంటే వెన్నుపాము మెల్లగా పాడైపోయే జబ్బు కావచ్చు. ఎస్‌ఓడీ1 జన్యువులో లోపమని 2009లో తేల్చారు. నయం చేసే మందు లేదు. రోజూ కాస్త నడిపించడం, జారని నేల, అంతే.

సమస్య: కంటి తెల్లగుడ్డు, చిగుళ్ళు పచ్చబడ్డాయి

ట్యూబ్‌లైట్ కింద కాదు, పగటి వెలుగులో పెదవి ఎత్తి చూడండి. పచ్చ కనపడగానే లివర్ అనేస్తాం గానీ, ముందు చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకండి. వాటి వల్ల వచ్చే బబేసియా అనే పరాన్నజీవి రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొట్టినా ఒళ్ళు పచ్చబడుతుంది. అందులో లివర్ తప్పేం లేదు. రక్తం చుక్క గాజుపలక మీద పరిచి చూస్తే చాలాసార్లు దొరికిపోతుంది.

వానాకాలం, ఎలుకలు, పొలంగట్ల మీద తిరుగుడు ఉంటే లెప్టోస్పైరా అనే బాక్టీరియాని అనుమానించాలి. ఉచ్చ ద్వారా మనకీ అంటుకుంటుంది, గ్లౌజులు లేకుండా తుడవద్దు. డాక్టరు రాస్తే డాక్సీసైక్లిన్ రెండు వారాలు వాడతారు. టీకా ఏటా వేయించాలి.

ఇంకోటి, ఎవరూ అడగనిది: మొక్కజొన్న. తడిసి బూజు పట్టిన గింజలు మనం తినం, నూక పట్టించి కుక్కకి వండుతాం. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ ఉడికించినా పోదు, నేరుగా లివర్‌ని తింటుంది. పారేయండి, కోళ్ళకీ వెయ్యద్దు.

సమస్య: తిన్న కాసేపటికి గోడకి తల ఆనించి నిలబడుతోంది, తూలుతోంది

లివర్ వడకట్టాల్సిన అమ్మోనియా మెదడుకి ఎక్కితే ఇలా చేస్తుంది, మాంసం తిన్నాక మరీను. చిన్న కుక్కపిల్లల్లో పుట్టుకతోనే రక్తనాళం లివర్‌ని తప్పించుకుపోవడం దీనికి కారణం కావచ్చు. లాక్టులోజ్ అనే మందుతో కుదుటపడతాయి, కొన్నిటికి ఆపరేషన్ కావాలి. ఒక్క జాగ్రత్త: రేబిస్ టీకా వెయ్యని కుక్క చొల్లు కారుస్తూ తూలుతుంటే నోట్లో చెయ్యి పెట్టి చూడద్దు.

సమస్య: నడుం కుదురుకుంది, రిపోర్టులో లివర్ చెడిందంటున్నారు

మా బీగిల్‌కి జరిగింది ఇదే. వెన్నుకి స్టెరాయిడ్ సూదులయ్యాక రక్తపరీక్షలో ఏఎల్‌పీ అనే ఎంజైమ్ ఎక్కడికో పోయింది. కుండెడు నీళ్ళు తాగి ఇల్లంతా తడిపేది. టెన్షన్‌తో నేను నేల ఉసిరి వెతుక్కుంటున్నాను. డాక్టరు గారు కాగితం పక్కన పెట్టి, "ఏం సూదులు వేయించారండీ?" అనడిగారు. స్టెరాయిడ్ పడితే కుక్క లివర్ ప్రత్యేకంగా ఒక రకం ఏఎల్‌పీ తయారుచేస్తుందట, పిల్లికి అలా ఉండదు. దాహమూ దాని వల్లే. మందు ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించాక అన్నీ దిగాయి. ఏఎల్‌టీ అనే ఇంకో లివర్ ఎంజైమ్ బాగా పెరిగి, ఒళ్ళు పచ్చబరిచే బిలిరుబిన్ కూడా ఎక్కితే మాత్రం నిజంగా లివర్‌ని చూడాల్సిందే.

స్టెరాయిడ్ మీద ఉండగా నొప్పి మాత్ర కలిపితే కడుపులో పుండ్లు పడతాయి, దొడ్డికి నల్లగా వెళ్తుంది. ఇంట్లో ఉండే పారాసిటమాల్ కిలోకి 100 మి.గ్రా. దాటితే కుక్క లివర్‌కి దెబ్బ. 5 కిలోల పామరేనియన్‌కి 650 మాత్ర ఒక్కటి వేస్తే కిలోకి 130 అవుతుంది. అంతకు తక్కువైతే సేఫ్ అని కూడా కాదు. పొరపాటున వేసేస్తే స్ట్రిప్ పట్టుకుని వెంటనే వెళ్ళండి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత తొందరగా పడితే అంత మేలు. మా ఇంట్లో ఇప్పుడు కుక్క మందుల చీటీలన్నీ తేదీలతో సహా ఒక క్లిప్పుకి ఫ్రిజ్ మీద ఉంటాయి, సగం వాడిన స్ట్రిప్‌తో సహా.